మాలపల్లి మీద వ్యాసం

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపన్నా అని మీరు అడిగినప్పటి నుంచి ఏం రాయాలో తోచలేదు. ఉద్యోగం ఎలా సంపాదించాలో చెప్పేవాళ్లు ఈ సంచికలో ఎటూ ఉంటారు. నేను ఒక నవల మీద వ్యాసం రాయడానికి పడిన తిప్పలు చెబుతాను. స్పెషల్ తెలుగు తీసుకున్నవాళ్లకు పనికొస్తుందేమో.

అది 2003. నంద్యాల అప్పటికి కర్నూలు జిల్లాలోదే, సొంత జిల్లా అయింది 2022లో. నేను అక్కడ బి.ఏ. రెండో సంవత్సరం. మాది ఆళ్లగడ్డ పక్క పల్లె. ఒకరోజు మా తెలుగు సారు బోర్డు మీద 'మాలపల్లి' అని పెద్ద అక్షరాలతో రాశారు. వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఇద్దరు ముగ్గురు నా వైపు తిరిగి చూశారు. నేను తల వంచుకుని నోట్సులో పేరు రాసుకున్నాను. లైబ్రరీలో తెచ్చుకున్న పుస్తకానికి ఆ రాత్రే పాత పేపరుతో అట్ట వేశాను. చిరగకుండా అని రూములోవాళ్లకు చెప్పాను. పేరు కనపడకుండా అని నాకొక్కడికే తెలుసు.

'మాలపల్లి నవలలోని ఇతివృత్తాలను విశ్లేషించండి' అని ఇరవై మార్కుల ప్రశ్న ఇచ్చారు సారు. గైడు ముందేసుకుని సంఘ సంస్కరణ, అస్పృశ్యతా నివారణ, గాంధేయవాదం అంటూ ఏడు హెడ్డింగులు పెట్టి, కింద స్కేలుతో గీతలు కొట్టి ఇచ్చాను. మరుసటి రోజు పిలిచి, "ఈ హెడ్డింగులు ఆ కాలపు ఏ నవలకైనా సరిపోతాయి కదయ్యా. పుస్తకం చదివావా?" అన్నారు. ముప్పై పేజీలు చదివాను. అంతకంటే ఎక్కువ చెప్పలేకపోయాను.

దసరా సెలవులకు పుస్తకం సంచిలో వేసుకుని శిరివెళ్ల మీదుగా బస్సులో ఊరికి పోయాను. మా అమ్మకు చదువు రాదు. రాత్రిళ్లు బువ్వ తిన్నాక వాకిట్లో మంచం వేసుకుని ఆమెకు చదివి వినిపించేవాణ్ణి. జ్యోతి కథకు కళ్లు తుడుచుకుంది. వేదాంతం వచ్చినచోట కునుకు తీసింది. కూలి గింజల్లో ఇవ్వాలా డబ్బుల్లో ఇవ్వాలా అని రైతులకూ కూలీలకూ తగవు వచ్చిన దగ్గర మాత్రం లేచి కూర్చుంది. "ధర పెరిగిన ఏడు గింజలియ్యరురా, డబ్బులిస్తామంటారు. ధర పడిపోతే గింజలే కొలుస్తారు. ఆ రాసినాయప్పకు బాగ తెలుసే" అంది. గైడులో ఈ ముక్క లేదు.

ఇక ఆగలేదు. నంద్యాలకు తిరిగొచ్చి పదకొండు పేజీలు రాశాను. అమ్మ కూలి, కళ్లాల దగ్గర కొలతలో మోసం, బెంచీలో వినపడిన నవ్వు, అన్నీ వచ్చేశాయి. సారు దాన్ని వారం రోజులు ఉంచుకున్నారు. "చాలా బాగుంది. దాచిపెట్టుకో. కానీ ఇందులో నవల ఏదయ్యా?" అన్నారు. నాకు రోషం వచ్చింది. ఆయన మళ్లీ నెమ్మదిగా, "మీ అమ్మ నీకు దారి చూపింది. సాక్ష్యం మాత్రం పుస్తకమే పలకాల" అన్నారు.

అప్పుడు కూర్చున్నాను తమ్ముళ్లూ, నిజంగా. ఒక లాంగు నోట్సు కొని ఒక్కో మనిషికి నాలుగు పేజీలు వదిలాను. ఆ మనిషికి ఏం జరిగింది, దానికి అతను ఏం చేశాడు, అంతవరకే రాసుకున్నాను. నా అభిప్రాయం రాయలేదు. పేజీ నంబర్ల బదులు ప్రకరణం పేర్లు రాసుకోండి, ఒక్కో ముద్రణలో పేజీలు ఒక్కో రకంగా ఉంటాయి. వాక్యాలు బట్టీ పట్టకండి, పరీక్షలో సగం మరిచిపోతాం. సంఘటనలు మరిచిపోము.

నోట్సు నిండే కొద్దీ ఒకటి తెలిసొచ్చింది. 'పేదల కష్టాలు' అనేది నవలలో ఉన్న విషయం. ఆ కష్టాలకు ఏం చేయాలని నవల అడుగుతోందో చెబితేనే వ్యాసం అవుతుంది. రామదాసు ఓర్చుకుంటాడు. చిన్నకొడుకు సంగదాసు కూలీలను కూడగడతాడు, చౌదరయ్య చేతిలో చచ్చిపోతాడు. పెద్దకొడుకు వెంకటదాసు తక్కెళ్ల జగ్గడై ఉన్నవాళ్లను దోచి లేనివాళ్లకు పెడతాడు. ఒకే కుండలో బువ్వ తిన్న ముగ్గురు, ఒకే అన్యాయానికి మూడు జవాబులు. రచయిత ఎటు వైపు? నవలకు 'సంగవిజయం' అని ఇంకో పేరు ఉంది కాబట్టి సంగదాసు వైపే అని రాశాను. కానీ జగ్గణ్ణి మలిచిన తీరు చూస్తే ఆయన మనసు అక్కడ కూడా కొంత చిక్కుకుందని నా అనుమానం. రామదాసు ఓర్పు మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు. అది కూడా రాశాను, ఎందుకో ఆయన మాటలనుంచే చూపించి.

సారు ఇంకో చిట్కా చెప్పారు. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు ఈ నవలను రాయవేలూరు జైల్లో రాశారు. 1922లో వచ్చింది. మద్రాసు ప్రభుత్వం 1923లో నిషేధించింది, 1936లో మళ్లీ నిషేధించింది. "ప్రభుత్వం ఏ పేజీకి భయపడి ఉంటుందో వెతుకు" అన్నారు. రామదాసు పద్యాలకు భయపడి ఉండదు కదా. వెతికి వెతికి మళ్లీ మా అమ్మ లేచి కూర్చున్న చోటికే వచ్చాను, ఆ కూలి తగవు దగ్గరికి.

మూడోసారి రాసింది ఆరు పేజీలు. అట్ట తీసేసిన పుస్తకంతో పాటు సారు టేబుల్ మీద పెట్టాను. ఇరవైకి పద్నాలుగు వేశారు. క్లాసులో అదే ఎక్కువ.

సంక్రాంతికి ఇంటికి పోయి అమ్మకు సంబరంగా చెప్పాను. చేటలో శనగలు చెరుగుతా విని, "ఇరవైకి పద్నాలుగేనా? మిగతా ఆరు ఎవరు పట్టుకున్యారు?" అంది.