సంక్రాంతికి ముందు ఒక గేమ్ స్టూడియోలో

మాదాపూర్‌లో మెట్రో దిగి, టిఫిన్ బండ్ల మధ్య నుంచి కాస్త నడిస్తే అద్దాల భవనం ఒకటి వస్తుంది. అందులో ఒక అంతస్తులో సగం ఈ గేమ్ స్టూడియోది. పేరు రాయొద్దన్న షరతు మీదే నన్ను లోపలికి రానిచ్చారు. వీళ్లది రంగురంగుల ముక్కలు జతచేసే పజిల్ ఆట. విడుదలై కొన్నేళ్లయింది. ఆట తయారై ఎప్పుడో జనం చేతుల్లోకి వెళ్లిపోయాక ఇంతమంది రోజూ ఆఫీసుకొచ్చి ఏం చేస్తారో చూద్దామని వెళ్లాను.

"తయారవడంతో అయిపోతే ఇంకేం సార్! అసలు పని విడుదలైన రోజే మొదలవుతుంది" అన్నాడు నన్ను తిప్పి చూపించిన ప్రొడ్యూసర్. ఆ పనికి వాళ్ల పేరు లైవ్ ఆప్స్. ఒకప్పుడు ఆట అంటే డబ్బిచ్చి కొనే డిస్కు. అమ్మాక తయారీదారుకి దాంతో పెద్దగా పని లేదు. ఇప్పుడు ఫోన్‌లో ఆట ఉచితం. ఆడేవాళ్లలో కొందరు కొనే కాయిన్ల మీదా, మధ్యలో వచ్చే ప్రకటనల మీదా బతుకుతుంది. జనం రావడం మానేస్తే ఆదాయం కూడా ఆ రోజే ఆగిపోతుంది. వారపత్రికలో సీరియల్ నడిపే ఎడిటర్‌కి ఈ బెంగ కొత్తేమీ కాదు. ఈ వారం కథ ఎక్కడ ఆపితే పై వారం పత్రిక కొంటారన్నదే ఆయన లెక్క కూడా.

గోడ మీద ఏడాది క్యాలెండర్ ఉంది. సంక్రాంతి, హోలీ, ఉగాది, ఐపీఎల్, దసరా, దీపావళి అన్నిటికీ రంగు కాగితాలు అంటించారు. వాటి మధ్య శని, ఆదివారాల పోటీలు. అక్కడక్కడ కావాలనే ఖాళీగా వదిలేసిన రోజులూ ఉన్నాయి. ఎందుకని అడిగితే ఈవెంట్లు చూసే అమ్మాయి చెప్పింది: "ఒకసారి దసరా నుంచి దీపావళి దాకా గ్యాప్ లేకుండా పెట్టాం సార్. దీపావళి అవగానే బాగా ఆడేవాళ్లే అలిసిపోయి వెళ్లిపోయారు. చాలామంది మళ్లీ రాలేదు."

నేను వెళ్లినప్పుడు పతంగుల ఈవెంట్ సిద్ధమవుతోంది. ఆ అమ్మాయి కంప్యూటర్‌లో తెరిచి చూపించింది మామూలు ఎక్సెల్ షీట్ లాంటిదే. వరసకి ఒక మెట్టు. ఎప్పుడు మొదలవ్వాలి, ఎప్పుడు ముగియాలి, ఎవరికి కనపడాలి, ఎన్ని పతంగులు కూడితే ఏ బహుమతి, అన్నీ గళ్లలో నింపి ఉన్నాయి. "మరి దీనికి అందరూ యాప్ అప్‌డేట్ చేసుకోవాలా?" అన్నాను. "అక్కర్లేదు సార్. పతంగులు, మాంజా, చరఖా బొమ్మలన్నీ పోయిన అప్‌డేట్‌లోనే పంపేశాం. ఇప్పటికే మీ ఫోన్‌లో ఉన్నాయి, మీకు కనపడవంతే. టైమ్ అవగానే సర్వర్ నుంచి ఆన్ అవుతాయి."

ఆ టైమ్ ఫోన్‌లో గడియారాన్ని బట్టి నడవదు. దానికో కారణం ఉంది. 2012లో వచ్చిన క్యాండీ క్రష్ సాగాలో 5 ప్రాణాలుంటాయి. ఒకటి పోతే 30 నిమిషాలు ఆగితే గాని తిరిగి రాదు. జనం ఊరుకున్నారా? ఫోన్‌లో గడియారాన్ని ముందుకు తిప్పి ప్రాణాలు తెచ్చుకోవడం నేర్చారు. అందుకే ఇక్కడ అంతా సర్వర్ గడియారమే. అది అంతర్జాతీయ ప్రామాణిక కాలంలో నడుస్తుంది కాబట్టి అక్కడ అర్ధరాత్రి దాటేసరికి మనకు తెల్లవారుజాము 5:30. ఇక్కడివాళ్లు నిద్ర లేచేసరికి కొత్త రోజు కానుక ఎదురుచూస్తుంటుంది. సంక్రాంతి రోజులప్పుడు డాలస్‌లో ఉన్న మనవాళ్లకి అదే క్షణం ముందురోజు సాయంత్రం 6 గంటలు. భోగి మంట ఇక్కడ వెలిగేసరికి వాళ్లు ఆఫీసు నుంచి ఇంటికొచ్చి పతంగి ఎగరేస్తుంటారు.

పక్క గదిలో పొడవాటి బల్ల మీద పాత ఫోన్లు పరిచి ఉన్నాయి. తెర పగిలినవి, మెమరీ నిండిపోయినవి, చౌకరకంవి. పరీక్షించే కుర్రాడు ఒక్కోదాంట్లో అదే మెట్టు ఆడుతున్నాడు. చిన్న తెర మీద మాంజా దారం వచ్చి 'తీసుకో' బటన్‌ని కప్పేస్తోంది. ఫొటో తీసి పంపాడు. ఇంకో ఫోన్‌లో నాలుగో మెట్టు బహుమతి చూసి ఆగిపోయాడు. 500 కాయిన్లు ఉండాల్సిన చోట 5,000 ఉంది. షీట్‌లో ఎవరో ఒక సున్నా ఎక్కువ కొట్టారు. "ఇది బయటికి పోయుంటే?" అన్నాను. "ఇచ్చినవి వెనక్కి తీసుకుంటే గొడవ. తీసుకోకపోతే రెండు నెలలు ఎవరికీ కాయిన్ల అవసరం రాదు. ఆటలో రుచే పోతుంది" అన్నాడు తల ఎత్తకుండానే. అందుకే ఏ షీట్ అయినా ఇద్దరు చూసి సరే అంటేనే బయటికి వెళుతుంది.

పెద్ద తెర మీద అంకెలు తిరుగుతుంటాయి. ఒక రోజు ఆట దించుకున్నవాళ్లలో మర్నాడు ఎందరు తెరిచారు, 7వ రోజు ఎందరు, 30వ రోజు ఎందరు. ఈ మూడూ ఇక్కడ జ్వరం చూసినట్టు రోజూ చూస్తారు. ఆడేవాళ్లని గుంపులుగా విడదీస్తారు. ఒకే మెట్టు దగ్గర పదేపదే ఓడిపోతున్నవాళ్లు, వారం నుంచి రానివాళ్లు, డబ్బు పెట్టేవాళ్లు. మొదటి గుంపుకి సాయంగా ముక్కలు పగలగొట్టే ఒక సుత్తి, రెండో గుంపుకి స్వాగత కానుక అందుతాయి. డబ్బు పెట్టేవాళ్లు ఎప్పుడూ పిడికెడు మందే. మిగతా అందరి ఆటనీ వాళ్లే మోస్తుంటారు.

ఈ సందర్శనలో నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది సపోర్ట్ బల్ల. ఆడేవాళ్లు రాసే ఫిర్యాదులు అక్కడికి వస్తాయి. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాసిన ఒక పెద్దావిడ సందేశం చూపించారు. రోజూ తప్పకుండా ఆట తెరిస్తే పెరిగే వరస లెక్క ఒకటుంది. ఆసుపత్రిలో ఉండి రెండు రోజులు తెరవలేకపోయిందట, లెక్క మళ్లీ ఒకటికి వచ్చేసింది. 'ఇన్నాళ్లది పోయింది బాబూ, తిరిగి ఇప్పించండి' అని రాసింది. ఆమె అడిగింది కాయిన్లు కాదు, బహుమతి కాదు, ఒక అంకె. సపోర్ట్ అమ్మాయి ఆ అంకెని తిరిగి వేసి, "ఒంట్లో ఎలా ఉందమ్మా?" అని జవాబు రాసింది.

"ఆమె ఆట మీద ఇష్టంతో వస్తోందా, ఆ లెక్క పోతుందన్న భయంతో వస్తోందా?" అని ప్రొడ్యూసర్‌ని అడిగాను. కాసేపు ఆలోచించి అన్నాడు: "రెండూ ఉంటాయి సార్. ఇలాంటివి చూసే నెలకి రెండు రోజులు తప్పినా లెక్క పోకుండా మార్పు చేస్తున్నాం."

ఈ భయం ఇవాళ పుట్టింది కాదు. 2009లో ఫేస్‌బుక్‌లో వచ్చిన ఫామ్‌విల్‌లో వేళకి వెళ్లి కోయకపోతే పంట వాడిపోయేది. ఆ ఆట 2020 డిసెంబర్ 31న మూతపడింది గాని ఆ కిటుకు మిగతా ఆటల్లో బతికే ఉంది. ఆ తర్వాత, లోపల ఏముందో చెప్పకుండా డబ్బు తీసుకునే పెట్టెలొచ్చాయి. వాటిలో ఏది పడే అవకాశం ఎంతో ముందే చెప్పాలని 2017 చివర్లో ఆపిల్ నిబంధన పెట్టింది. 2018లో బెల్జియం అలాంటి పెట్టెల్ని జూదం కింద లెక్కగట్టింది. ఫోర్ట్‌నైట్ ఆటలో తికమక బటన్లతో కొనిపించారన్న కేసులో దాన్ని తయారుచేసిన ఎపిక్ గేమ్స్ 24.5 కోట్ల డాలర్లు వెనక్కి ఇవ్వడానికి 2022లో అమెరికాలో ఒప్పుకుంది. మన దగ్గర డబ్బు పందెం ఆటల్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025లో కేంద్రమే దేశమంతటికీ చట్టం తెచ్చింది. కానీ ఈ పజిల్‌లో పందెం లేదు, గెలిస్తే డబ్బు రాదు. ఆ చట్టం దీన్ని ఆపదు. ఇక్కడ హద్దు గీసుకోవాల్సింది తయారుచేసేవాళ్లే.

ఆ హద్దు మీద వాదన నా ముందే జరిగింది. ఈవెంట్ రోజు ఫోన్లలో మోగే నోటిఫికేషన్‌కి రెండు వాక్యాలు రాశారు. ఒకటి 'పతంగుల పోటీ మొదలైంది, రండి'. రెండోది 'మీ పతంగి తెగిపోతోంది!'. సపోర్ట్ అమ్మాయికి రెండోది నచ్చలేదు. ఎవరి పతంగీ తెగట్లేదు కదా, అబద్ధం ఎందుకంది. మార్కెటింగ్ కుర్రాడు అదే ఎక్కువ మంది నొక్కుతారన్నాడు. చివరికి ఎప్పుడూ తేలే మాటే తేలింది: చెరి సగం మందికి పంపి, ఏది గెలుస్తుందో చూద్దాం.

నాకు ఈ రంగం లోపం అక్కడే కనిపించింది. ఎందరు తిరిగొచ్చారో ఆ తెర క్షణాల్లో చెబుతుంది. ఎందుకొచ్చారో చెప్పదు. సరదాగా వచ్చినవాడూ, కంగారుపడి వచ్చినవాడూ ఆ లెక్కలో ఒక్కటే. ఆ తేడా తెలిసిన మనిషి ఆ గదిలో ఒకరే ఉన్నారు, ఫిర్యాదులు చదివే అమ్మాయి. నన్నడిగితే ఆ బల్లని అంకెల తెర పక్కకే మార్చాలి. నోటిఫికేషన్ ఏదైనా ఆమె సరే అన్నాకే బయటికి పోవాలి.

వీళ్ల కష్టాన్ని తక్కువ చేయలేను. పండక్కి నగరం సగం ఖాళీ అయ్యే వేళకే వీళ్ల ఈవెంట్ మొదలవుతుంది. ఊరెళ్లినవాళ్లు కూడా లాప్‌టాప్ వెంట పెట్టుకుని, సిగ్నల్ కోసం మేడెక్కి కూర్చుంటారు. ఆడేవాళ్లుగా మనమూ కొంత జాగ్రత్త పడదాం. ఫోన్ సెట్టింగ్స్‌లో ఆ ఆట నోటిఫికేషన్లు ఆపేయండి. కొనుగోళ్లకి పాస్‌వర్డ్ పెట్టండి, పిల్లల చేతికిచ్చే ఫోన్‌లో తప్పనిసరిగా. పిలుపు రాకపోయినా తెరవాలనిపిస్తే అది మంచి ఆటే, హాయిగా ఆడుకోండి. లెక్క పోతుందనే తెరుస్తున్నారని అనిపిస్తే ఒక్కరోజు మానేసి చూడండి. పోయేది ఒక అంకె మాత్రమే.