జూన్ బెలూన్

2023 జూన్‌లో బడి తెరవడానికి ముందురోజు ఆరో తరగతి గదిని ఒక్కదాన్నే కూర్చుని ముస్తాబు చేశాను. కర్నూలు జిల్లాలో పడమటి వైపు పల్లె. రంగు కాగితాలకీ థర్మకోల్ షీట్లకీ ఆదోని దాకా వెళ్ళాను. తీరా సున్నం గోడకి టేపు అంటదే! పొడితో సహా ఊడొస్తుంది. చివరికి మా అటెండరు మైదాపిండి ఉడికించి తెచ్చాడు. సినిమా పోస్టర్ల వాళ్ళ విద్య.

అన్నిటికంటే ముచ్చటపడి చేసింది బర్త్‌డే చార్టు. నెలకొక బెలూన్. అడ్మిషన్ రిజిస్టర్ చూసి పేర్లు రాస్తూ పోతే జూన్ బెలూన్లో చోటు చాల్లేదు. ముప్పై ఎనిమిది మందిలో పదిహేడు మంది అందులోనే! నవ్వుకున్నాను కూడా. నవ్వాల్సింది కాదు. పిల్లలు పుడితే నమోదు చేయించాలని 1969 నుంచీ చట్టం ఉంది. అయినా సర్టిఫికెట్ లేని పిల్లల్ని ఒకటో తరగతిలో చేర్చుకునేటప్పుడు, ఐదేళ్ళు నిండినట్టు ఉండాలని జూన్‌లో ఏదో ఒక తేదీ వేసేస్తాం. నా సర్వీసు రిజిస్టర్లో ఉన్నదీ అలాంటి తేదీయే.

గదిలో బొమ్మలు ఎక్కువైతే పిల్లల ధ్యాస చెదురుతుందని 2014లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వాళ్ళు కిండర్‌గార్టెన్ పిల్లలతో పరిశోధన చేసి చెప్పారు. మా వాళ్ళు మిగతా బొమ్మల వైపు చూడనైనా లేదు. అందరూ ఆ చార్టు దగ్గరే.

"నేను జూన్‌లో పుట్టలేదు మేడం," అంది ఒక పిల్ల.

"మరి?"

"సుగ్గిలో."

సుగ్గి అంటే ఇక్కడ వలస. పంటలైపోయాక ఇళ్ళకి తాళాలేసి గుంటూరు వైపు మిరపకాయల కోతకి పోతారు. సాయంత్రం వాళ్ళమ్మని అడిగాను. "చేను గట్టున గుడిసెలోనే పుట్టె మేడం. తేదీ ఎవురు చూసినారు? శివరాత్రి ఇంక మూడు దినాలుందనంగా." సంవత్సరం రిజిస్టర్లోదే నిజమనుకుంటే, 2013లో శివరాత్రి మార్చి 10. అంటే మార్చి 7.

మర్నాడు బెలూన్లన్నీ పీకేశాను. మైదా జిగురు కదా, గోడ పెచ్చులతో సహా వచ్చాయి. ఇంట్లో అడిగి రమ్మన్నాను. ఒకడు ఉరుకుంద ఈరన్న జాతరప్పుడు అన్నాడు, ఇంకొకడు కందులు కొట్టేటప్పుడు. ఎవరి గుర్తు వాళ్ళే గీసుకున్నారు. ఆ పిల్ల ఎర్రగా మిరపకాయ గీసింది. అడగడానికి ఇంట్లో ఎవరూ లేనివాళ్ళు ఇద్దరున్నారు. వాళ్ళకేం చెప్పాలో తోచలేదు. "మాకు జూన్ ఉండనీ మేడం," అని వాళ్ళే అన్నారు.

రిజిస్టర్లో మాత్రం ఏమీ మారలేదు. అది అంత తేలిక కాదు.

సంక్రాంతి వెళ్ళగానే ఆ పిల్ల కూడా వెళ్ళిపోయింది. సీజనల్ హాస్టల్లో ఉంచమని ఎంత చెప్పినా, "చిన్నదాన్ని ఎవురు చూసుకుంటారు మేడం?" అంది వాళ్ళమ్మ. మార్చి 7న ఫోన్ చేశాను. చేలో ఉన్నారట. కాసేపటికి ఫోన్ పిల్ల చేతికొచ్చింది.

"మేడం, నా మిరపకాయ ఉందా?"

కింద కొంచెం ఊడిందని, మళ్ళీ అంటించానని చెప్పాను.