చోటు చాలదట!

మా ఇంట్లో అటకలు రెండు. ఒకటి వంటింట్లో ఉంది. అందులో ఏముందో నాకు తెలుసు. గంగాళం, మూత పోయిన ఇడ్లీపాత్ర, అబ్బాయి మూడు చక్రాల సైకిలు, ఎప్పటికైనా పనికొస్తాయని మావారు దాచిన అట్టపెట్టెలు. రెండోది, 2019లో అబ్బాయి కొనిచ్చిన టాబ్లెట్. అందులో ఏముందో మొన్నటిదాకా నాకు తెలియదు.

మొన్న మనవరాలు మొదటిసారి స్టేజి ఎక్కి నాట్యం చేసిందని అబ్బాయి బెంగుళూరు నుంచి వీడియో పంపాడు. ఎన్నిసార్లు నొక్కినా దిగదే! "స్టోరేజ్ నిండిపోయింది. కొంత ఖాళీ చేయండి" అంటుంది. నేనేం పెట్టానని నిండింది? పట్టుమని రెండు సినిమాలైనా లేవు కదా!

"32 జీబీ అంటే అంతా మనకే అనుకున్నావా? దాన్ని నడిపించే సరంజామాకే బోలెడు పోతుంది. బిల్డరు చెప్పిన చదరపుటడుగుల్లో గోడల మందం కూడా కలిసినట్టే" అన్నారు మావారు, పేపరు లోంచి తల ఎత్తకుండా.

సరే, కొంగు దోపి రంగంలోకి దిగాను. చెప్పొద్దూ, నిర్ఘాంతపోయాను. ఎక్కడ చూసినా శుభోదయాలు! గులాబీలు, కాఫీ కప్పులు, సూర్యోదయాలు. ఒకే వినాయకుడు పదకొండు చోట్ల ఉన్నాడు. మా ఆడపడుచు పంపింది, వియ్యపురాలు పంపింది, పక్కింటి పిన్నిగారూ పంపారు. మనం అడిగినా అడక్కపోయినా వాట్సాప్‌లో వచ్చిన ప్రతి బొమ్మా దానంతటదే దిగి కూర్చుంటుందట. సెట్టింగుల్లో ఆటో డౌన్‌లోడ్ ఆపుకోవాలట. ఆ సంగతి ఇన్నేళ్లూ నాకెవరు చెప్పారు?

దేవుళ్ల బొమ్మలు తీసెయ్యడానికి చెయ్యి ఆడదు కదా. లెంపలు వేసుకుని మరీ నొక్కాను. మధ్యాహ్నానికి పధ్నాలుగు వందల బొమ్మలు తీసేశాను. టాబ్లెట్ మాత్రం మళ్లీ అదే పాట. చోటు లేదట!

అబ్బాయికి ఫోను చేశాను.

"బొమ్మలదేముందమ్మా, అవి చిన్నవి. అసలు బరువు వీడియోలది. కొన్ని ఒక్క నిమిషానికే నూరు ఎంబీ దాటతాయి. పెద్దవి పైకి వచ్చేట్టు పేర్చుకుని, పైనుంచి తీసుకురా" అన్నాడు.

అలాగే పేర్చాను. అన్నిటికన్నా పైన పన్నెండు నిమిషాల వీడియో ఒకటి ఉంది. దగ్గర దగ్గర ఒకటిన్నర జీబీ! పైకి కనబడేది మాత్రం ఉత్త నేల. మావారికి కెమెరా ఆపడం మరిచిపోయి నేలనీ, చెప్పుల్నీ తియ్యడం అలవాటే. ఆయన ఘనకార్యమే అనుకుని మరో ఆలోచన లేకుండా తీసేశాను.

అయినా చోటు లేదు! మళ్లీ ఫోను.

"తీసేసినవి వెంటనే పోవమ్మా. నీ దాంట్లో 30 రోజులు చెత్తబుట్టలోనే ఉంటాయి. అదీ ఖాళీ చెయ్యి" అన్నాడు నవ్వుతూ. అంటే ఇల్లంతా ఊడ్చి, ఆ చెత్త తలుపు వెనక పోగేసి, శుభ్రమైపోయిందని మురిసిపోయానన్నమాట.

చెత్తబుట్ట తెరిచాను. అంతా ఒక్కసారే పారబోసే మీట ఒకటుంది. నొక్కబోయి ఆగాను. మా అమ్మకో అలవాటుండేది. బియ్యం ఏరాక, రాళ్లు పారబొయ్యబోతూ చేటలో మరోసారి వేలుపెట్టి చూసేది. నాలుగు గింజలన్నా దొరికేవి. ఆ అలవాటు నాకూ వచ్చినట్టుంది. ఒక్కొక్కటే చూసుకుంటూ వెళ్లాను.

ఆ నేల దగ్గర వేలు ఆగిపోయింది. ఎర్ర గచ్చు. అంచున సగం చెరిగిన ముగ్గు. మా ఫ్లాటులో ఎర్ర గచ్చు ఎక్కడిది? అది మా పుట్టింటి వసారా!

గబగబా వెనక్కి తెచ్చి తెరిచాను. కాసేపు నేలే. తర్వాత పీట మీద అమ్మ, ముందు పెద్ద బేసిను, మామిడికాయ ముక్కలు. 2019 వేసవిలో ఆవకాయ పెడుతుంటే నేనే తీశాను. ఆ సంగతే మరిచిపోయాను. అమ్మ 2021లో పోయింది.

"కారం, ఆవపిండి, ఉప్పు సమంగానేనా అమ్మా?" అని నా గొంతు.

"ఉప్పు కాస్త తగ్గించాలే. ముందు ఆ పలక పక్కన పెట్టి, వచ్చి ముక్కలు తుడువు!" అని అమ్మ కసురు.

మాట విని పక్కన పెట్టాను కాబోలు, అక్కణ్ణించి తొమ్మిది నిమిషాలు వసారా కప్పే కనబడుతుంది. మాటలు మాత్రం వినబడుతున్నాయి. నూనె పోస్తున్న చప్పుడు, అమ్మ దగ్గు, మధ్యలో చిన్నప్పటి ముద్దుపేరుతో నన్నో పిలుపు. ఆ పేరుతో పిలిచేవాళ్లు ఇప్పుడెవరూ లేరు.

మావారు ఎప్పుడు పేపరు పక్కన పెట్టారో గమనించలేదు. ఏమీ అనకుండా బజారుకెళ్లి 64 జీబీ మెమరీ కార్డు తెచ్చారు. ఆ వీడియో అందులో ఒకటి, తమ్ముడి కంప్యూటర్లో ఒకటి దాచాం. వినాయకుళ్లందర్నీ నిమజ్జనం చేశాక మనవరాలి నాట్యం కూడా దిగింది. చూసి దిష్టి తీశాను.

రాత్రి అబ్బాయికి ఆవకాయ వీడియో పంపితే, "ఆ కప్పు కనబడేదంతా కత్తిరించేస్తే ఒక జీబీ మిగులుతుందమ్మా" అన్నాడు.

ఫోను సరిగ్గా వినబడటం లేదన్నాను.