దాలిలోకి దించే ముందు

మా ఇంట్లో ఒకే గింజకి మూడు పేర్లు. మామ్మకి ఉలవలు. మాకు బడిలో నేర్పిన పేరు హురుళి. కోరాపుట్‌లో మా పక్కింటివాళ్ళకి కోళథ. మేమిద్దరం చదివింది కన్నడ మీడియంలోనే, ఒకరం బళ్ళారిలో, ఒకరం కోలారులో. తెలుగు ఇంట్లో మాట్లాడ్డమే తప్ప రాయడం పెద్దయ్యాక నేర్చుకున్నాం. అందుకని ఇందులో తప్పులుంటే సర్దుకోండి. చెప్పాల్సిన విషయంలో మాత్రం తప్పు లేకుండా రెండుసార్లు సరిచూసుకున్నాం. ఎందుకంటే ఒకసారి సరిచూసుకోకపోవడం వల్లే ఇది రాయాల్సి వచ్చింది.

మా బాబాయీ పిన్నీ కోరాపుట్‌లో ఉంటారు. మామ్మ, మా మేనత్త రాయగడలో. ఈ ఊళ్ళు 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు రాష్ట్రంలో విశాఖపట్నం జిల్లా కిందే ఉండేవి. తర్వాత ఒరిస్సా అయ్యాయి. 1992లో రాయగడ వేరే జిల్లా అయింది. మా వాళ్ళు మాత్రం ఉన్నచోటే ఉన్నారు. హద్దులే అటూ ఇటూ జరిగాయి. మేం బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాం, ఇద్దరిదీ ఒకటే పని. ఆ చలికాలం ఇంటినుంచే పని చేసుకోవచ్చన్నారని మూడు నెలలు కోరాపుట్ వెళ్ళి ఉన్నాం.

బాబాయికి పదేళ్ళుగా షుగర్. మూడు పూటలా అన్నమే. డాక్టరుగారు అన్నం తగ్గించి పప్పుదినుసులు పెంచమన్నారు. మేం ఉత్సాహంగా ఒక ఎలక్ట్రిక్ స్లో కుక్కర్ కొని పట్టుకెళ్ళాం. పొద్దున్నే గింజలూ నీళ్ళూ పోసి మీట నొక్కితే, మా మీటింగులు అయ్యేసరికి రాత్రికి చిక్కటి సూపు తయారు. పిన్నికీ పొయ్యి దగ్గర నిలబడే పని ఉండదు. అదీ మా లెక్క.

మొదటి వారం పెసలతో చేశాం. బావుంది. రెండో వారం శనగలు. బాబాయి రెండుసార్లు పోయించుకున్నారు. మూడో వారం సంతలో ఎర్రగా నిగనిగలాడుతున్న రాజ్మా కనబడింది. అరకు, చింతపల్లి వైపు మన్యంలో పండేదే. కిలో తెచ్చి, రాత్రి నానబెట్టి, పొద్దున స్లో కుక్కర్‌లో వేసి తక్కువ సెగలో ఎనిమిది గంటలు పెట్టాం. పెసలకి రాసుకున్న పద్ధతే, గింజ ఒక్కటే మారింది.

సాయంత్రానికి గింజ కాస్త గట్టిగానే ఉంది. "నమిలి తింటే మంచిదేలే" అనుకున్నాం.

ఎనిమిదింటికి భోంచేశాం. పది కాకముందే పిన్ని వాంతి చేసుకుంది. తర్వాత మేం. తర్వాత బాబాయి. మాది వాంతులతో పోయింది. ఆయన అప్పటికే షుగర్ మాత్ర వేసుకున్నారు, తిన్నదేమో కడుపులో నిలవలేదు. పదకొండున్నరకి చెమటలు పట్టి మాట తడబడింది. మీటరు పెట్టి చూస్తే 58. చక్కెర నీళ్ళు పట్టిస్తే అవీ కక్కేశారు. ఆటో పిలిచి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. సెలైన్ పెట్టారు, గ్లూకోజ్ ఎక్కించారు, తెల్లారేసరికి లేచి కూర్చున్నారు. ఆ రాత్రి బెంచీ మీద మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. ఆరోగ్యం కోసం చేసిన వంట అది.

ఇంటికొచ్చాక బాబాయి ఒక్కటే మాట అన్నారు: "అమ్మా, నాకు అన్నం పెట్టండి చాలు." తిట్టి ఉంటే నయంగా ఉండేది. ఆ రోజునుంచి మళ్ళీ మూడు పూటలా అన్నం. గింజలేవి పెట్టినా కంచం పక్కకి జరిపేవారు.

మర్నాడు మామ్మకి ఫోన్ చేశాం. ఆవిడకి ఎనభై నాలుగు. అంతా విని ఒకటే అడిగింది.

"గింజ గెంతిందేటే?"

మాకు అర్థం కాలేదు.

"నీళ్ళు తెర్లి, గింజలు కుండలో పైకీ కిందకీ గెంతాల. అది సూసేకే సెగ తగ్గించాల. మీరు గెంతనీకుండా నిదరోగొట్టేసినారు."

ఆ వారాంతం రైలెక్కి రాయగడ వెళ్ళి ఆవిడ దగ్గర కూర్చున్నాం. మామ్మ చిన్నప్పుడు ఇంట్లో ఎడ్లుండేవిట. వాటికి దాణాగా ఉలవలు ఉడికించి, ఆ నీటిని వంచి, చింతపండు రసం పోసి మరిగిస్తే ఇంటివాళ్ళకి ఉలవచారు. ముందు కట్టెల పొయ్యి మీద పెద్ద మంట. గింజ గెంతి, నురగ పొంగి, ఆ నురగ తీసేశాక కుండని దాలిలోకి దించేవారు. దాలి అంటే పిడకలు రాజేసి, కుండని సన్న సెగ మీద పెట్టే గుంట. పాలు కాగేదీ అందులోనే. పొద్దున పెడితే సాయంత్రానికి చారు చిక్కబడేది.

వింటుంటే మాకు తల కొట్టేసినట్టయింది. మేం వేలు పోసి కొన్న స్లో కుక్కర్ ఆవిడ దాలే. దాలిని కొన్నాం గానీ, దాలికి ముందున్న పొయ్యిని వదిలేశాం.

ఇక మా వృత్తి బుద్ధి మేల్కొంది. చదివితే తెలిసింది: రాజ్మాలో ఫైటోహీమగ్లుటినిన్ అనే పదార్థం ఉంటుంది. చాలా రకాల చిక్కుడు జాతి గింజల్లో కాస్తోకూస్తో ఉంటుంది గానీ ఎర్ర రాజ్మాలో చాలా ఎక్కువ. పచ్చివి నాలుగైదు గింజలు తిన్నా చాలు, ఒకటి నుంచి మూడు గంటల్లో వాంతులు మొదలవుతాయి. బాగా మరిగిస్తే అది నశిస్తుంది. కానీ 80 డిగ్రీల దగ్గర ఆగిపోతే దాని ప్రభావం పచ్చిగింజ కన్నా అయిదింతల దాకా పెరగొచ్చని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ చెబుతోంది. అయిదు గంటలకి తగ్గకుండా నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో అరగంట మరిగించమంటుంది.

స్లో కుక్కర్‌లో ఉత్త నీళ్ళు పోసి, తక్కువ సెగ పెట్టి, వంటింటి థర్మామీటరుతో చూశాం. మూడు గంటలకి 67. ఆరు గంటలకి 78. సరిగ్గా పెట్టకూడని చోటే మేం ఆ గింజల్ని సాయంత్రం దాకా కూర్చోబెట్టాం.

ఇంకో సంగతి. కోరాపుట్ సముద్రమట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది. రాయగడ 200 చిల్లర. ఎత్తు పెరిగితే నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయి. కోరాపుట్‌లో మా థర్మామీటరు 97 దగ్గర ఆగింది, రాయగడలో 99 దాటింది. మేనత్త వంటింట్లో గంటలో మెత్తబడ్డ గింజ పిన్ని వంటింట్లో ఇంకా పలుకుగానే ఉండటానికి కారణం అదే. పిన్ని ఇన్నేళ్ళూ "ఈ ఊరి నీళ్ళకి పప్పుడకదు" అంటుంటే మేం నవ్వేవాళ్ళం.

మా పనిలో కొత్తగా చేరినవాళ్ళకి మేం మొదట చెప్పేది ఒకటుంది: లోపలికి ఇచ్చేది ఒక్కటి మారినా మళ్ళీ మొదటినుంచి పరీక్షించాలి. పెసల బదులు రాజ్మా వేసినప్పుడు ఆ మాట మాకే గుర్తు రాలేదు.

ఇప్పుడు మేం చేసే పద్ధతి ఇది, నలుగురికి సరిపోతుంది.

ఒక కప్పు ఉలవలు, అర కప్పు బొబ్బర్లు (కన్నడిగులకి అలసందె, ఇక్కడ ఝుడుంగ), పావు కప్పు రాజ్మా. రాత్రంతా నానబెట్టి నీళ్ళు పారబొయ్యాలి. గిన్నెలో కొత్త నీళ్ళు ధారాళంగా పోసి, మూత తీసి, పెద్ద మంట మీద పెట్టాలి. గింజలు గెంతడం మొదలయ్యాక గడియారం చూసుకుని అరగంట. కోరాపుట్‌లో అయితే మేం నలభై నిమిషాలు. నురగ తీసేయాలి. అప్పుడు వేడి వేడిగానే స్లో కుక్కర్‌లోకి వంచి, అల్లం, వెల్లుల్లి, పసుపు వేసి, ఎక్కువ సెగలో నాలుగైదు గంటలు. చల్లనీళ్ళు కలపొద్దు.

గింజ రెండు వేళ్ళ మధ్య మెదిగాకే టమాటా, చింతపండు రసం. పులుపు ముందే పడితే గింజ మెత్తబడదు. గుప్పెడు మునగాకు, కొద్దిగా ఉప్పు. చివర్న ఒక్క చెంచా నూనెలో తాలింపు. పిన్ని ఇక్కడి అలవాటు ప్రకారం పంచ ఫుటణ వేస్తుంది. మాకు ఎండుమిర్చి, జీలకర్ర చాలు. పక్కన అన్నం బదులు చోడి అంబలి. ఇక్కడివాళ్ళు మాండియా పేజ్ అంటారు. మా చిన్నప్పటి రాగి గంజి లాంటిదే.

స్లో కుక్కర్ లేకపోతే బాధ లేదు. ప్రెషర్ కుక్కర్‌లో వేడి వంద డిగ్రీలు దాటుతుంది కాబట్టి నానిన గింజ మెత్తగా ఉడికేదాకా విజిల్స్ రానిస్తే భయం లేదు. షుగర్ మాత్రలు వాడేవాళ్ళు అన్నం ఒక్కసారిగా తగ్గించకుండా డాక్టరుతో మాట్లాడి తగ్గించండి. కిడ్నీ ఇబ్బంది ఉన్నవాళ్ళు గింజలు ఎంత తినొచ్చో కూడా అడిగి తెలుసుకోండి.

ఇదంతా నేర్చుకున్నా బాబాయి తినాలి కదా. బతిమాలలేదు. ఒక బుధవారం ఆయన్ని వెంటబెట్టుకుని చాటికొణ సంతకి వెళ్ళాం. నియమగిరి కొండల మీదనుంచి డొంగ్రియా కోంధ్‌లు దిగి వచ్చే సంత. ఒకే కొండ వాలు మీద చిరుధాన్యాలూ కందులూ చిక్కుళ్ళూ కలిపి పండిస్తారు వాళ్ళు. మన కందుల్ని ఇక్కడ కందులే అంటారు. ఒక ముసలమ్మ దగ్గర బాబాయి బొబ్బర్లు చేతిలోకి తీసుకుని చూశారు. ఎలా వండుతావని దేశియా మాటల్లో అడిగారు. ఆవిడ చేత్తో కుండ పట్టుకున్నట్టు చూపించి, వేళ్ళు పైకీ కిందకీ ఆడించింది. బాబాయి మా వైపు తిరిగి చూశారు. ఏమీ అనలేదు. అర కిలో కొన్నారు.

మర్నాడు పొద్దున మేం గిన్నె పొయ్యి మీద పెట్టేసరికి ఆయన కుర్చీ తెచ్చుకుని వంటింటి గుమ్మంలో కూర్చున్నారు. నీళ్ళు తెర్లేదాకా పేపరు చదివారు. తెర్లాక లేచి వచ్చి, గిన్నెలోకి వంగి చూసి, చేతి గడియారం తిప్పుకుని టైము చూసుకున్నారు. "ఆ, గెంతుతున్నాయి," అన్నారు. నలభై నిమిషాలూ అక్కడే నిలబడ్డారు.

ఆ రాత్రి ఒక గిన్నెడు తాగారు. మేం పదకొండు దాకా మేలుకునే ఉన్నాం. ఆయన హాయిగా నిద్రపోయారు.

మేం బెంగుళూరు వచ్చేశాం. స్లో కుక్కర్ పిన్ని దగ్గరే ఉంది. ఆదివారం ఫోన్ చేస్తే బాబాయి షుగర్ ఎంతుందో చెప్పే ముందు, ఆ వారం ఏ గింజ, ఎన్ని నిమిషాలు గెంతింది అన్నది చెబుతారు. మేం ఇక్కడ నోట్ చేసుకుంటాం.