మా పదహారేళ్లకు ఎవరూ చెప్పని మాట

పదహారేళ్లు వచ్చేసరికి పెద్దలు మాకు చాలా విషయాలు నేర్పారు. వుజూ, నమాజు నేర్పారు. నాజిరా ఖుర్ఆన్ పూర్తి చేయించారు. అతిథుల ముందు దుపట్టా సవరించుకోవడం, అత్తవారింట గొంతు తగ్గించి మాట్లాడటం నేర్పారు. నర్ది కర్రను ఏ వైపు నుండి చెక్కితే చీలిపోదో కూడా నేర్పారు. ఇవన్నీ మాకు అక్కరకు వచ్చాయి. ఒక్క మాట మాత్రం ఎవరూ చెప్పలేదు. ఏది మాది అన్న మాట.

మేము ఐదుగురం. ఉదయగిరి దుర్గం నీడలో పుట్టి, పెళ్లిళ్లయి ఆత్మకూరు చేరినవాళ్లం. ఇద్దరం తోడబుట్టినవాళ్లం, ఇద్దరం ఖాలా బిడ్డలం, ఒకరు పొరుగింటి స్నేహితురాలు. అందరికీ యాభై దాటింది. ‘చిన్ననాడే తెలిసి ఉంటే బాగుండేది’ అని ఇప్పుడు మేము అనుకునేవి ఎన్నో ఉన్నాయి. వాటిలో సగం ప్రతి తరమూ అనుకునేవే, వాటి ప్రస్తావన ఇక్కడ అనవసరం. మిగిలిన సగం మన ధర్మం పద్నాలుగు వందల ఏళ్ల క్రితమే చెప్పి, మన ఇళ్లలో మాత్రం చెప్పకుండా మిగిలిపోయినది.

ముందుగా మా చేతిపని సంగతి. ఉదయగిరి చెక్క చెంచాలు నేడు భౌగోళిక గుర్తింపు పొందిన వస్తువులు. లేపాక్షి దుకాణాలలో అమ్ముడవుతాయి. కొండమీది నుండి వచ్చే నర్ది, బిక్కి, దేవదారి కర్రలతో చెంచాలు, గరిటెలు, ఫోర్కులు, దువ్వెనలు చేస్తారు. ఆ పనిలో అధికభాగం ముస్లిం కుటుంబాలదే. అందులోనూ ఆకురాయి పట్టి నునుపు చేసే పని, కాడపై సన్నని చెక్కుడు పని ఇంటి ఆడవాళ్లది. మేము పన్నెండు, పదమూడేళ్ల వయసులోనే ఆ పనిలో కూర్చున్నాము. సరుకు డజన్ల లెక్కన పోయేది, డబ్బు అబ్బా చేతికో, భాయ్ చేతికో వచ్చేది. ఇంట్లో బియ్యం నిండుకున్న రోజులు కనుక ఎవరూ లెక్క అడగలేదు. అడగాలన్న ఊహ కూడా మాకు లేదు.

ఇంటికి ఖర్చుపెట్టినందుకు మాకు బాధ లేదు. అల్లాహ్ మళ్లీ ఆ వయసు ఇస్తే మళ్లీ అలాగే పెడతాము. కానీ ఎన్నో ఏళ్ల తరువాత విన్న ఒక హదీసు మమ్మల్ని చాలాసేపు మౌనంగా కూర్చోబెట్టింది. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (ర) సతీమణి జైనబ్ (ర) చేతిపనితో సంపాదించేవారని ఉల్లేఖనాలలో ఉంది. భర్తకూ, తన పోషణలో ఉన్న అనాథ పిల్లలకూ తాను పెట్టే ఖర్చు సదఖాగా చెల్లుతుందా అని ఆమె దైవప్రవక్త (స) వారిని అడిగించారు. చెల్లుతుందనీ, పైగా రెండు పుణ్యాలనీ, ఒకటి బంధుత్వానిది, మరొకటి దానానిదనీ ఆయన సమాధానమిచ్చారు.

ఆ సమాధానంలో దాగి ఉన్న విషయాన్ని గమనించండి. తనది కానిదానిని ఎవరైనా దానం చేయగలరా? ఆమె ఖర్చు సదఖా అయిందంటే ఆ సంపాదన ఆమెదే అన్నమాట. అన్నిసా సూరా 32వ ఆయతు కూడా పురుషుల సంపాదన పురుషులకు, స్త్రీల సంపాదన స్త్రీలకు అనే నిర్ణయిస్తోంది. మేము ఆకురాయి పట్టిన ఆ ఏళ్లలో ఇంటికి ఇచ్చినది మా దానం. ఆ సంగతి మాకు తెలియదు, తీసుకున్నవారికీ తెలియదు. తెలిసి ఉంటే ఇచ్చేటప్పుడు నియ్యత్ చేసుకునేవాళ్లం, తీసుకున్నవారు ఒక దుఆ అయినా చేసేవారు.

ఇక మహర్. 1991లో మాలో ఒకరి నికాహ్‌లో 1,001 రూపాయలు వ్రాశారు, అదీ ఉధార్. ‘జోడే కీ రఖం’ మాత్రం అంతకు ఎన్నో రెట్లు, పెళ్లికి ముందే నఖద్‌గా చెల్లింది. షరీఅత్ ఆజ్ఞాపించినది కాగితం మీద ఉండిపోయింది, షరీఅత్‌లో లేనిది సంచిలో వెళ్లిపోయింది. ఆనాడు ఆ 1,001 రూపాయలకు రెండు గ్రాముల పైన బంగారం వచ్చేది. నేడు అర గ్రాము కూడా రాదు. మహర్‌ను రూపాయలలో కాక బంగారు గ్రాములలో వ్రాయించుకోవచ్చునని, నికాహ్ నాడే అడిగి తీసుకోవచ్చునని ఆ అమ్మాయికి చెప్పినవారు లేరు.

ఆమె భర్త మరణించిన రోజు మేమందరం ఆ ఇంట్లోనే ఉన్నాము. గుస్ల్ పూర్తయింది, జనాజా లేవబోతోంది. ఒక పెద్దావిడ ఆమె చెవి దగ్గరకు వంగి, “మెహర్ మాఫ్ కరీ బోల్ బేటీ” అన్నారు. ఆ పెద్దావిడ మనసులో చెడు లేదు, తన తల్లి వద్ద నేర్చినదే చెప్పారు. ఆ క్షణాన, ఆ గదిలో ఏ స్త్రీ కాదనగలదు? ఖుర్ఆన్ మహర్‌ను సంతోషంగా చెల్లించమని భర్తలను ఆదేశించి, భార్య తన మనస్ఫూర్తిగా కొంత వదిలితేనే దానిని అనుభవించవచ్చునని అదే సూరా 4వ ఆయతులో షరతు పెట్టింది. ఏడుస్తూ, చుట్టూ ఇరవై మంది చూస్తుండగా పలికించిన మాట మనస్ఫూర్తి అవుతుందా? కాదనే మేము భావిస్తున్నాము. చెల్లించని మహర్ భర్తపై అప్పు. వారసులు ఆస్తి పంచుకోకముందే, ఇతర అప్పులతోపాటు అతని ఆస్తి నుండి తీరవలసినది. మరణించినవారిని రుణవిముక్తులను చేయాలని అంత ఆరాటమున్నప్పుడు ఆ మాట చెప్పవలసినది వితంతువు చెవిలో కాదు, వారసుల చెవిలో.

భూమి విషయం క్లుప్తంగా చెబుతాము. 1937 నాటి షరీఅత్ అనువర్తన చట్టం వ్యవసాయ భూమిని తన పరిధి నుండి మినహాయించింది. నెల్లూరు జిల్లా అప్పుడు మద్రాసు ప్రాంతంలో భాగం. 1949లో మద్రాసు సవరణ ఆ మినహాయింపును తొలగించింది. అంటే మేము పుట్టకముందు నుండే మా నాన్నల మెట్ట చేలలో ఆడబిడ్డకు షరీఅత్ వాటా చట్టరీత్యా కూడా ఉంది. అయినా అన్నదమ్ముల పేర హక్కు విడుదల దస్తావేజు వ్రాసివ్వడమే మంచి చెల్లెలి లక్షణమని మా వీధిలో చెప్పుకునేవారు. ఇష్టపడి వదులుకోవడం ఆమె ఔదార్యం. వాటా ఎంతో చెప్పకుండా వేలిముద్ర తీసుకుంటే దానిని ఏమనాలో పాఠకులే ఆలోచించాలి.

చదువు సంగతి ఇక్కడే వస్తుంది. మాకు అరబీ అక్షరాలు వచ్చు, అల్హందులిల్లాహ్. కానీ నికాహ్‌నామా ఉర్దూలో ఉంది, దస్తావేజు తెలుగులో ఉంది. మా జీవితాలను నిర్ణయించిన రెండు కాగితాలూ మేము చదవలేని భాషలలోనే ఉన్నాయి. అక్షరదీపం కార్యక్రమం జిల్లా అంతటా సాగిన రోజుల్లో మాలో ఇద్దరు రాత్రిబడిలో తెలుగు కూడబలుక్కున్నారు. అదే రోజుల్లో, ఉదయగిరికి తూర్పున, కలిగిరి దగ్గరి దూబగుంటలో స్త్రీలు వాచకంలోని సీతమ్మ కథ చదివి, వర్ధినేని రోశమ్మ వంటివారు ముందు నిలువగా సారా దుకాణం మూయించారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఒక్క పాఠం చదివిన స్త్రీలు మగవారి కూలి డబ్బు ఎటు పోతోందో అడిగారు. మా చెంచాల డబ్బు ఎటు పోతోందో అడిగే పాఠం మా వాచకంలో లేదు!

మేము మా అమ్మాయిలకు తప్పక చెప్పే వృత్తాంతం మరొకటి ఉంది. నసాయీ, ఇబ్నె మాజా గ్రంథాలలో ఉంది. ఒక యువతి వచ్చి, తన తండ్రి హోదా పెంచుకోవడానికి తనను ఆయన సోదరుని కొడుకుకు ఇచ్చి చేశాడని విన్నవించుకుంది. దైవప్రవక్త (స) నిర్ణయాన్ని ఆమె చేతికే వదిలారు. అప్పుడు ఆమె తండ్రి చేసిన సంబంధాన్నే అంగీకరించింది. అయితే ఈ విషయంలో తండ్రులకు బలవంతపు అధికారం లేదని స్త్రీలకు తెలియాలనే వచ్చానని చెప్పింది. ఆ సంబంధం ఆమెకు ఇష్టమే కావచ్చు. అయినా తెలియని ఇతర ఆడపిల్లల కోసం వచ్చింది.

ఇప్పుడు ఆత్మకూరులో ఆదివారాలు అస్ర్ తరువాత పది, పన్నెండు మంది అమ్మాయిలతో కూర్చుంటున్నాము. ఉపన్యాసాలు లేవు. ఇంట్లోని పాత నికాహ్‌నామా, బ్యాంకు పాస్‌బుక్, అడంగల్ నకలు తెచ్చుకుంటారు, పైకి చదువుతారు. ఉర్దూ రానివారికి వచ్చినవారు చదివి చెబుతారు. ఒక అమ్మాయి వేసవి సెలవుల్లో ఉదయగిరిలో నానీ ఇంటికి వెళ్లి, నానీ వారంలో ఎన్ని డజన్లు నునుపు చేస్తోందో, ఎంత వస్తోందో, ఎవరి చేతికి వస్తోందో నోటు పుస్తకంలో వ్రాసుకొని వచ్చింది. నానీ మొదట నవ్విందట. రెండవ వారం తానే పిలిచి లెక్క చెప్పిందట.

మా చిన్నామె కూతురు ఈ సంవత్సరం ఇంటర్మీడియట్ పూర్తి చేసింది, పద్దెనిమిది నిండాయి. ఒక మంచి సంబంధం వచ్చింది. అబ్బాయి నచ్చాడని అమ్మాయి స్వయంగా చెప్పింది. జోడే కీ రఖం ఇవ్వబోమనీ, మహర్ ఇరవై గ్రాముల బంగారం, నికాహ్ నాడే నఖద్ అనీ మేము కబురు పంపాము. కొంత గడువు కావాలన్నారు. మూడు జుమాలు గడిచాయి, ఇంకా జవాబు రాలేదు. సంబంధం నిలుస్తుందో లేదో అల్లాహ్‌కే ఎరుక. వాళ్ల అమ్మకు నిద్ర పట్టడం లేదు. అమ్మాయి మాత్రం డిగ్రీ దరఖాస్తు నింపుతూ, “తొందరేముంది ఖాలా, వాళ్లను ఆలోచించుకోనివ్వండి” అంటోంది.