పడవ ఎందుకు పరుగెత్తలేదు?

పిల్లలూ! మీలో గేర్ల సైకిలు తొక్కేవాళ్ళు చాలామంది ఉండే ఉంటారు. పెద్ద గేరు వేసుకుని ఎత్తు ఎక్కబోతే ఏమవుతుంది? ఒక్కొక్క తొక్కుకు సైకిలు ఎక్కువ దూరం పోవలసిందే. కాని కాళ్ళు ఆడవు, మోకాళ్ళు పట్టేస్తాయి, సైకిలు ఈడుస్తుంది. ఈ సంగతి మనసులో ఉంచుకుని, నేను చెప్పేది వినండి.

మాది సంగారెడ్డి. గోదావరిలో కలిసే మంజీరా నది మా జిల్లా గుండానే పోతుంది. దానికి సింగూరు దగ్గర ఆనకట్ట ఉన్నది. హైదరాబాదువాళ్ళు తాగే నీళ్ళలో ఆ జలాశయపు నీళ్ళు కూడా ఉంటాయి.

నా పరిచయస్థుడొకాయన చేపల వ్యాపారం చేస్తాడు. ఆయనకు వెనుక ఇంజను తగిలించిన ఫైబరు పడవ ఒకటి ఉన్నది. ఇలాంటి ఇంజనును ఔట్‌బోర్డు ఇంజను అంటారు. నార్వేలో పుట్టి అమెరికాలో పెరిగిన ఓలె ఎవిన్‌రూడ్ అనే ఆయన 1909లో వీటిని తయారుచేసి అమ్మసాగాడు. ఒక ఎండపూట ఆయన తనవాళ్ళకోసం పడవలో ఐస్‌క్రీం తెస్తూ ఉంటే, తెడ్డు వేసుకుని వచ్చేసరికి అది కాస్తా కరిగిపోయిందట. అప్పుడే ఆయనకు పడవకు ఇంజను తగిలించాలనే ఆలోచన తట్టిందని చెబుతారు.

మా పరిచయస్థుడి ఇంజను 40 గుర్రాల శక్తిగలది. మంచిగా ఉన్నప్పుడు అది నిమిషానికి 5500 చుట్లు తిరిగేది. తయారుచేసినవాళ్ళు కూడా పూర్తి వేగంలో 5000కు తగ్గకుండా, 6000కు మించకుండా తిరగాలని పుస్తకంలో వేశారు. కాని కొద్దిరోజులుగా ఎంత లాగినా మీటరు ముల్లు 4700 దాటటం లేదు. ముందు భాగం పైకి లేచి నీటిమీద జారుతూ పోవలసిన పడవ, నిండు గేదెలాగా నీళ్ళను నెట్టుకుంటూ పోతున్నది.

"ఇదంతా ఈ పిల్లవాడి నిర్వాకం! ఇంజను పాడు చేశాడు. ఒకటో తారీకున వాడి లెక్క తేల్చి పంపేస్తాను," అన్నాడు పరిచయస్థుడు.

పిల్లవాడంటే పడవ నడిపే కుర్రాడు. ఇరవై ఏళ్ళుంటాయేమో. వాడి జీతంమీదనే ఇల్లు గడుస్తున్నది. వాడు ఏదో చెప్పబోయి, యజమాని మొగం చూసి ఊరుకున్నాడు. నేనేం చేశానో చెప్పమంటారా? "ఈ కాలం పిల్లలకు శ్రద్ధ తక్కువ," అన్నాను. ఇంజను మూత అయినా తీసి చూడకుండా తీర్పు చెప్పేశాను!

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో నా పాత శిష్యుడొకడు ఇంజనులు బాగుచేసే షెడ్డు పెట్టుకున్నాడు. అతన్ని పిలిపించాము. అతను వస్తూనే ఇంజనును ముట్టుకోలేదు. కుర్రాడి దగ్గరకు పోయి, "తమ్మీ, ఇది ఎప్పటినుంచి ఇట్లా ఉంది? దానికి ముందు ఏం మార్చారు?" అని అడిగాడు.

కుర్రాడు కాసేపు నసిగి, "కొత్త పంకా ఎక్కించినంక గిట్లయింది సార్," అన్నాడు.

నీళ్ళలో తిరుగుతూ పడవను నెట్టే రెక్కల చక్రాన్ని ప్రొపెల్లర్ అంటారు. వాళ్ళు దాన్నే పంకా అంటారు. పాతదాని రెక్క రాతికి తగిలి వంగితే, యజమాని కొత్తది కొని తెచ్చాడట.

"అయితే అదే కారణమన్నమాట!" అన్నాను నేను.

నా శిష్యుడు నవ్వి, "తొందరపడకండి సార్. మాట విని ఊరుకుంటే చాలదు, పరీక్ష చేయాలి. అయితే ఒకసారి ఒక్కటే మార్చాలి. నాలుగూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు," అన్నాడు.

ముందు అతను ఇంజను ఆపి, తాళం తీసి జేబులో వేసుకున్నాడు. ప్రొపెల్లర్ దగ్గర చెయ్యిపెట్టేవాళ్ళు ఎవరైనా సరే, మొదట చేయవలసిన పని ఇదే. తరువాత వరసగా చూసుకుంటూ వచ్చాడు.

మొదటిది మీటరు. మీటరే అబద్ధం చెబుతున్నదేమో? ప్లగ్గు తీగకు తన మీటరు తగిలించి చూశాడు. అదీ 4700 చూపింది. రెండోది వేగం పెంచే తీగ. చేతిలోని పిడి చివరిదాకా లాగినా, లోపల గాలి పోయే మూత పూర్తిగా తెరుచుకోకపోవచ్చు. అది సరిగానే ఉన్నది. మూడోది పెట్రోలు. ట్యాంకు మూతకు గాలి పోయే చిన్న రంధ్రం ఉంటుంది. అది మూసుకుపోతే ఇంజను కాసేపు బాగా నడిచి, తరువాత నీరసిస్తుంది. అదీ తెరిచే ఉన్నది. వడపోతలో నీళ్ళూ మట్టీ లేవు. నాలుగోది ప్లగ్గులు. మూడూ తీసి చూస్తే ఒకే రకంగా లేత గోధుమరంగులో ఉన్నాయి. అంటే మూడు సిలిండర్లలోనూ పెట్రోలు సమంగా మండుతున్నదన్నమాట.

"ఇంజనులో బలం ఉన్నది సార్. ఇక దానిమీద బరువు ఎంత పడుతున్నదో చూడాలి," అన్నాడు నా శిష్యుడు.

పడవ అడుగున నీళ్ళు నిలవలేదు. ప్రొపెల్లర్‌కు నాచుగాని, వలదారంగాని చుట్టుకోలేదు. అప్పుడతను ప్రొపెల్లర్‌మీద చెక్కిన అంకెలు చూపించాడు. పాతదానిమీద 11, కొత్తదానిమీద 15 అని ఉన్నది.

ఈ అంకెను పిచ్ అంటారు. మర చెక్కలోకి దిగినట్టు ప్రొపెల్లర్ నీళ్ళలోకి దిగితే, ఒక్క చుట్టుకు ఎన్ని అంగుళాలు ముందుకు పోతుందో ఆ అంకె చెబుతుంది. నీళ్ళు చెక్కలాగా గట్టిగా ఉండవు గనక, నిజానికి కొంత జారుతుంది. "చుట్టుకు 15 అంగుళాలు పోతే వేగం పెరుగుతుందిగదా!" అని యజమాని లెక్కవేశాడు. లెక్క తప్పు కాదు. కాని ఆ చుట్లు తిప్పేది ఎవరు? ఇంజను! ఎత్తుమీద పెద్ద గేరు వేసిన సైకిలులాగా దానికి ఊపిరాడలేదు. పిచ్ ఒక అంగుళం పెరిగితే ఇంజను సుమారు 150 నుంచి 200 చుట్లు తగ్గుతుంది. నాలుగు అంగుళాలకు ఎంతో మీరే లెక్కకట్టండి. అలా రోజూ పూర్తి వేగంలో ఈడ్పిస్తే మంచి ఇంజను కూడా వేడెక్కి త్వరగా అరిగిపోతుంది.

మా శిష్యుడు పాత ప్రొపెల్లర్‌ను పటాన్‌చెరు తీసుకుపోయి, వంగిన రెక్క సరిచేయించి, మూడోనాడు తెచ్చి బిగించాడు. వెనుకటి మనుషులమే, అంతే పెట్రోలుతో, నీటిలో తేల్చే చొక్కాలు తొడుక్కుని పడవ ఎక్కాము. కుర్రాడు పిడి లాగాడు. ముల్లు 4700 దాటింది, 5000 దాటింది, 5500 దగ్గర నిలిచింది. పడవ ముందు భాగం లేచి, నీటిమీద జారుతూ పరుగెత్తింది. కుర్రాడు వెనక్కు తిరిగి మావంక చూడలేదు. కళ్ళు తుడుచుకున్నాడు కాబోలు.

ఒడ్డుకు వచ్చాక యజమాని, "రేపు పొద్దున్నే రా," అని మాత్రం అన్నాడు. నేను కుర్రాడి భుజంమీద చెయ్యివేసి, "నాయనా, నీ సంగతి తెలుసుకోకుండా మాట అన్నాను. తప్పు నాది," అన్నాను. వాడు సిగ్గుపడి, "పెద్దోళ్ళు, గట్లనకుండ్రి సార్," అన్నాడు.

ఇంకొక మాట కూడా దాచకుండా చెబుతాను. నా శిష్యుడు బడిలో ఉన్నప్పుడు ప్రతిదానికీ "ఎందుకు సార్?" అని అడిగేవాడు. పాఠం సాగటం లేదని అతన్ని ఎన్నోసార్లు కసిరి కూర్చోబెట్టాను. ఆ ప్రశ్న అతను మానుకోకపోవటమే ఆ కుర్రాడి అదృష్టం!

పిల్లలూ, మీ ఇంట్లో ఏదైనా యంత్రం మొరాయిస్తే, దానితో రోజూ పనిచేసేవాళ్ళను ముందు అడగండి. తరువాత ఒక్కొక్కటే పరీక్షించండి. పెద్దలకు కూడా ఒక మనవి: చదువులో వెనుకబడ్డ పిల్లవాణ్ణి సోమరి అనేముందు, వాడిమీద ఏ బరువు పడుతున్నదో ఒక్కసారి చూడండి.