మారేడుమిల్లి ఘాటులో ఎడమ మలుపులు

రాజమహేంద్రవరం నుండి చింతూరు వెళ్ళే దారి మీలో కొందరు ఎరిగినదే. కోరుకొండ, గోకవరం వరకు చేలు, తోటలు. రంపచోడవరం వచ్చేసరికి కొండలు దగ్గరవుతాయి. మారేడుమిల్లి దాటితే ఇక అడవే. 2023 నవంబరులో ఒక సోమవారం మేము భార్యాభర్తలము ఆ దారిన మోటారు సైకిలు మీద బయలుదేరాము.

శబరి నది ఒడ్డున ఉన్న చింతూరు 2014 వరకు ఖమ్మం జిల్లాలోని ఊరు. అక్కడ మా అత్తగారు మంచం పట్టారని, కూతురిని చూడాలని అడుగుతున్నారని కబురు వచ్చింది. "బస్సులో వెళ్దామండీ, బండి బాగోలేదు కదా" అన్నది మా ఇంటావిడ. "బాగుచేయించాము గదా" అని మేము ఆమె మాట త్రోసివేశాము.

మాది 2012 లో కొన్న 125 సీసీ బండి. అప్పటికి రెండు నెలలుగా దానికి ఒక జబ్బు. నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి ఇంజను ఒక్క క్షణం తప్పిపోతుంది, మళ్ళీ అందుకుంటుంది. ఒక రోజు ఊళ్ళన్నీ తిరిగినా ఏమీ ఉండదు. మరొక రోజు మందిరపు సందులోకి తిరుగుతుండగానే వస్తుంది. మెకానిక్ తిన్నని రోడ్డు మీద రెండు మైళ్ళు నడిపి చూసి, "బండి బాగానే ఉంది అయ్యగారూ" అన్నాడు. అయినా మా మాట కాదనలేక ప్లగ్గు మార్చాడు, కార్బ్యురేటరు విప్పి కడిగాడు. పన్నెండు వందలు ఖర్చయ్యాయి. ఆ తరువాత వారం రోజులు ఇంజను తప్పకపోయేసరికి జబ్బు పోయిందనుకున్నాము.

మారేడుమిల్లిలో టీ త్రాగి ఘాటు ఎక్కాము. వెదురు పొదలు, కాఫీ తోటలు, చెట్ల మధ్య చల్లని నీడ. రోడ్డు పక్క కొండరెడ్ల ఆడవాళ్ళు కొండ చీపుర్ల కట్టలు పేర్చుకొని కూర్చున్నారు. చూడ ముచ్చటైన చోటే గాని మా మనస్సు దాని మీద నిలువలేదు. మూడవ మలుపులో ఇంజను తప్పింది. అయిదవ మలుపులో మళ్ళీ తప్పింది. ఆ తరువాతి గట్టి మలుపులో పూర్తిగా ఆగి, బండి వెనుకకు జారింది. వెనుక లారీ, పక్కన లోయ. మా ఇంటావిడ దిగి, చేతికందిన రాయి వెనుక చక్రానికి అడ్డం పెట్టింది. లారీ ఆగింది. డ్రైవరు కేకలు వేశాడు గాని మాకు నోట మాట రాలేదు.

బండిని నెట్టుకుంటూ వెడల్పయిన చోటికి చేర్చాము. సాయంత్రం నాలుగు కావస్తున్నది. కొండల్లో చీకటి త్వరగా పడుతుంది. ఫోనుకు సిగ్నలు లేదు.

మొదట పెట్రోలును అనుమానించాము. ట్యాంకు మూతకు గాలి పోయే సన్నని రంధ్రం ఉంటుంది. అది పూడిపోతే లోపలికి గాలి రాక, పెట్రోలు క్రిందికి దిగదు. అలాంటప్పుడు మూత తీస్తే బుస్సుమని గాలి పీల్చుకుంటుంది. తీసి చూశాము, ఏ చప్పుడూ లేదు. ఇంజను చల్లారాక ప్లగ్గు విప్పాము. మసి పట్టి నల్లగా లేదు, కాలి తెల్లబడలేదు. ఇటుక రంగులో ఉన్నది, అంటే లోపల మంట సరిగానే ఉన్నది. మా తెలివి అంతటితో అయిపోయింది.

అప్పుడు మా ఇంటావిడ, "ఏమండీ, ఎడమ వైపుకు తిప్పినప్పుడే ఆగుతున్నది. కుడి మలుపుల్లో ఒక్కసారీ ఆగలేదు" అన్నది. ఎడమ మలుపు వచ్చినప్పుడల్లా తాను సీటు గట్టిగా పట్టుకుంటున్నానని చెప్పింది.

బండికి మెయిన్ స్టాండు వేసి, న్యూట్రల్‌లో ఇంజను నడవనిచ్చి, హ్యాండిలును మెల్లగా కుడికి తిప్పాము. ఏమీ కాలేదు. ఎడమకు చివరి వరకు తిప్పగానే ఇంజను తడబడింది. సరిగ్గా ఆ క్షణంలోనే న్యూట్రల్‌ను చూపే ఆకుపచ్చ దీపం కూడా ఆరింది. పెట్రోలు అందకపోతే దీపం ఎందుకు ఆరుతుంది? కనుక తప్పు పెట్రోలుది కాదు, ప్లగ్గుది కాదు. బ్యాటరీ నుండి తాళం ద్వారా వచ్చే కరెంటే తెగుతున్నది. హ్యాండిలు మెడ దగ్గర తీగల కట్టను వేలితో కదిపితే మళ్ళీ అదే తడబాటు.

తాళం తీసి, ఫ్యూజు తీసి, చిన్న కత్తితో పైచుట్టు విప్పాము. ఎప్పుడో హెడ్‌లైటు మార్చినప్పుడు ఆ కట్టను మరీ బిగించి కట్టారు. హ్యాండిలు ఎడమకు తిరిగినప్పుడల్లా తీగ లాగబడుతున్నది. ఒక తీగకు పైన తొడుగు బాగానే ఉన్నది గాని, లోపల రాగి పోగులు తెగి, పచ్చని చిలుము పట్టి ఉన్నాయి. చిలుము గీకి, పోగులు మెలివేసి కలిపాము. టేపు లేదు. అత్తగారి కొరకు తెచ్చిన మందుల సంచిలో గాయానికి వేసే ప్లాస్టరు ఉంటే దానినే చుట్టాము. పాత కట్టు కోసివేసి, తీగలను వదులుగా ఉంచాము. ఆ తరువాత ఎన్ని ఎడమ మలుపులు వచ్చినా ఇంజను తప్పలేదు. సోకులేరు వాగు వంతెన దాటేసరికి చీకటి పడింది. మరునాడు చింతూరులో తీగను టంకం వేయించి, సరియైన టేపు చుట్టించాము.

ప్రియులారా, మా ఊళ్ళో రోడ్లు కాలువ గట్ల వెంట తిన్నగా పోతాయి. వాటి మీద హ్యాండిలును పూర్తిగా తిప్పే పని అరుదు. అందుకే రెండు నెలలు ఈ జబ్బు దొరకలేదు. మీ బండి ఇలా అప్పుడప్పుడు తప్పుతూ ఉంటే, సామాను మార్చకముందు అది ఎప్పుడు తప్పుతున్నదో చూసుకోండి. వానలోనా? ప్లగ్గు టోపీ పగిలిందేమో చూడండి. కొంత దూరం పోయాక ఆగి, ట్యాంకు మూత తీస్తే నడుస్తున్నదా? మూత రంధ్రం చూడండి. బాగా వేడెక్కాకనే తప్పుతున్నదా? ఇగ్నిషన్ కాయిలు పరీక్ష చేయించండి. మలుపులోనా? మెడ దగ్గర తీగలు చూడండి. వెనుక కూర్చున్నవారిని కూడా అడగండి. మేము ఆ రెండు నెలల్లో ఒక్కసారి అడిగినా, లారీ ముందు ఆమె రాయి కొరకు వెదకవలసి వచ్చేది కాదు.

ఆ రాత్రి ఏడున్నరకు ఇల్లు చేరాము. అత్తగారు కూతురిని గుర్తుపట్టి, ఆమె చేతితో నాలుగు చెంచాల జావ త్రాగారు. పదకొండవ రోజున కన్నుమూశారు. ఆ పదకొండు రోజులూ మా ఇంటావిడ ఆమె దగ్గరే ఉన్నది. సమాధి కార్యక్రమానికి మేము మళ్ళీ ఆ ఘాటు ఎక్కాము, ఈసారి బస్సులో.